90 సినిమాలతో ఫిజిక్స్ నేర్పిద్దామనుకున్న ప్రొఫెసర్

ఎలక్ట్రిసిటీ, మ్యాగ్నెటిజం పాఠం అర్థం కాకపోతే మనం ఏం చేస్తాం? ఫోన్ తీసి వీడియో వెతుకుతాం. ఈ ఆలోచన యూట్యూబ్‌తో పుట్టిందనుకుంటున్నారా? కాదు.

1956 మార్చి. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ జెరొల్డ్ జకరియాస్ తమ ప్రెసిడెంట్‌కి ఒక ప్లాన్ రాసిచ్చారు. హైస్కూల్ ఫిజిక్స్ కోసం 90 సినిమాలు, ఒక్కోటి 20 నిమిషాలు. రష్యావాళ్ల స్పుత్నిక్‌కి భయపడే ఇదంతా మొదలుపెట్టారని చాలామంది చెప్తారు. కానీ స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబర్ 4న! దాని తర్వాత పెరిగింది డబ్బు, తొందర.

ఈ సినిమాల్లో పాఠం చెప్పింది నటులు కాదు, అసలు సైంటిస్టులే. కూలుంబ్ నియమాన్ని ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎరిక్ రోజర్స్ చూపించారు. ఇంకో సినిమాలో ఫ్రాన్సిస్ బిట్టర్ ఎంఐటీ ల్యాబ్‌లోని భారీ విద్యుదయస్కాంతాల దగ్గరికి తీసుకెళ్లారు. వాటికి కావలసిన అంత కరెంటు, చల్లబరచడానికి అన్ని నీళ్లు ఏ స్కూల్లో దొరుకుతాయి చెప్పండి? సినిమా పనికొచ్చేది అక్కడే.

అయితే పని నడుస్తుండగా ప్లాన్ మారింది. సినిమాలు ఒక్కటే చాలవని పుస్తకం రాశారు. పిల్లలు సొంతంగా చేసుకునే చవక ప్రయోగ సామాన్లు తయారుచేశారు. సినిమా వాటికి తోడుగా మిగిలింది.

మీరూ చేసి చూడండి. దిక్సూచి ముల్లు మీదుగా, ముల్లు ఉన్న దిశలోనే ఒక తీగ ఉంచి, 1.5 వోల్టుల బ్యాటరీకి ఒక్క సెకను తాకించండి. ముల్లు పక్కకి తిరుగుతుంది. 1820లో ఆయిర్‌స్టెడ్ చూసింది ఇదే. వీడియో మళ్లీ చూడాలంటే, ఆ తర్వాత చూద్దురు.