చెరువు కట్టిన చదువు: దేవనహళ్ళి పరిసరాల నుంచి ఇంజనీరింగు చరిత్ర

ఇంజనీరింగు కళాశాలల గ్రంథాలయాలలో చరిత్రకంటూ ఒక అర ఉంటే, అది సాధారణంగా ఆవిరి యంత్రంతో మొదలవుతుంది. అంతకు ముందు మన దేశంలో ఈ విద్య లేదేమోనన్న భావం విద్యార్థి మనసులో తెలియకుండానే నాటుకొంటుంది. దేవనహళ్ళి పరిసరాలలోని ఏదైనా ఒక గ్రంథాలయంలో చిన్న చరిత్ర ప్రదర్శన ఏర్పాటు చేయవలసివస్తే అందులో ఏమేమి ఉంచవచ్చు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దేవనహళ్ళి అనగానే నేటివారికి 2008లో మొదలైన విమానాశ్రయం గుర్తుకు వస్తుంది. చరిత్ర చదివినవారికి కోట గుర్తుకు వస్తుంది. ఆవతి పాలెగార్లు 1501లో మట్టితో కట్టించిన ఈ కోటను హైదరలీ, టిప్పు సుల్తానుల కాలంలో రాతితో పునర్నిర్మించారు. 1791లో కార్న్‌వాలిస్ దానిని పట్టుకొన్నాడు. అయితే ఈ సీమలో కోటకన్నా ముఖ్యమైన నిర్మాణం చెరువు. ఏడాది పొడుగునా పారే నది ఇక్కడ లేదు. వానకాలంలో కురిసిన నీటిని కట్ట వేసి నిలుపుకొంటేనే పంట. ఉత్తరాన కనబడే నంది కొండల వరుసలో రెండు పినాకినులు పుడుతున్నాయి. దక్షిణ పినాకిని తమిళదేశం వైపు పోతుంది. ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, అనంతపురం, కడప, నెల్లూరు సీమల మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఈ రెండు నదుల పరీవాహక ప్రాంతాలలోనూ ఊరి బతుకు చెరువు మీదనే ఆధారపడింది. కనుక మన ప్రదర్శనలో మొదటి వస్తువు కోసం పెన్న వెంబడి కడప జిల్లా దాకా వెళ్ళడం అసంగతం కాదు.

ఆ వస్తువు పోరుమామిళ్ళ శాసనం. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ పెద్ద చెరువు కట్టించి, ఆ విషయాన్ని సంస్కృత శ్లోకాలలో రాతి పలకల మీద చెక్కించాడు. దానధర్మాల ప్రస్తావన ఏ శాసనంలోనైనా ఉంటుంది. దీని విశేషం వేరు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను ఇది వరుసగా చెబుతుంది. వాటిలో కొన్ని: ధనవంతుడైన ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మట్టి నేల, దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు, కట్టకు ఇరువైపులా కొండలు, మరీ పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతైన విశాలమైన గర్భం, దగ్గరలో రాతిగని, చివరగా పని తెలిసిన మనుషులు. ఆ తరువాత ఆరు దోషాలు: కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీరు ఎక్కువై చోటు చాలకపోవడం. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేయగా రెండేళ్ళలో పని పూర్తి అయినట్లు కూడా శాసనం చెబుతుంది. ఆ చెరువు నేటికీ ఉంది. ఇంజనీరు పాఠ్యపుస్తకానికి ఉండవలసిన లక్షణాలు దీనికి ఉన్నాయి. ముఖ్యంగా, ఏది చేయాలో మాత్రమే కాక ఏది చెడుతుందో కూడా చెప్పడం గమనించదగినది.

రెండవ వస్తువు కోసం దూరం పోనక్కరలేదు. దేవనహళ్ళికి సుమారు పాతిక కిలోమీటర్లలో ముద్దేనహళ్ళి ఉంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఆ ఇల్లు ఇప్పుడు స్మారక ప్రదర్శనశాల. ఆయన ఇంటిపేరు గిద్దలూరు దగ్గరి మోక్షగుండం గ్రామానిది. ఆయన పూర్వులు అక్కడి నుంచి వలస వచ్చినవారు. ఖడక్‌వాస్లాలో 1903లో అమర్చిన స్వయంచాలక తలుపులు, కృష్ణరాజసాగరం, దివానుగా ఉన్న కాలంలో 1917లో బెంగుళూరులో నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాల అందరూ ఎరిగినవే. ఇక్కడ మనకు కావలసింది హైదరాబాదు పని. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది చనిపోయారు. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం ఆయనను పిలిపించింది. నదిని మాత్రమే చూసి ఆయన ఊరుకోలేదు. ఎగువ పరీవాహక ప్రాంతంలోని చెరువులను లెక్కపెట్టించారు. మొత్తం 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలింది. ఒక చెరువు తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది. చిన్న తప్పులు గొలుసుకట్టుగా పెరిగి నగరాన్ని ముంచాయన్నమాట. వరదను ఎగువనే ఆపే జలాశయాలు కట్టాలన్న ఆయన సూచన నుంచే ఉస్మాన్‌సాగరు 1920లో, హిమాయత్‌సాగరు 1927లో పూర్తి అయ్యాయి. చెరువు ఎందుకు చెడుతుందన్న శాసనం నాటి ప్రశ్ననే ఆయన అయిదు శతాబ్దాల తరువాత అంకెలతో వేశారు.

ఒకటి సంస్కృతంలో, మరొకటి ఇంగ్లీషులో. మరి తెలుగు ఎక్కడ? పోరుమామిళ్ళ శాసనం చెప్పిన చివరి అంగంలో ఉంది. చెరువులు తవ్విన వడ్డెరలు మైసూరు సీమలో వొడ్డరు, భోవి అన్న పేర్లతో స్థిరపడ్డారు. వారిలో చాలామంది ఇంటిలో నేటికీ తెలుగే మాట్లాడతారు. మట్టిని చూసి కట్ట నిలుస్తుందో లేదో చెప్పగలిగిన విద్య వారిది. దానికి గ్రంథం లేదు, మాటలే ఉన్నాయి. మన చెరువు కన్నడంలో కెరె, తూము తూబు, ఆయకట్టు అచ్చుకట్టు. అలుగును ఇక్కడ కోడి అంటారు, రాయలసీమలో మరవ అంటారు. నీరు వదిలే మనిషి రాయలసీమలోనూ ఇక్కడా నీరుగంటే. రెండు భాషల సరిహద్దున పనితోపాటు మాట కూడా ఎలా ప్రయాణం చేసిందో వీటివల్ల తెలుస్తుంది. ఈ మాటలే మన ప్రదర్శనలో మూడవ వస్తువు.

ఇది కేవలం భాషాభిమానం కాదు. బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి, హెబ్బాళ-నాగవార లోయ పథకం ద్వారా దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం ప్రాంతాల చెరువులకు ఎత్తిపోస్తున్నారు. ఎండిన చెరువు మళ్ళీ నిండితే తూము ఎక్కడ, అలుగు ఎటు, ఏ కాలువ పూడిపోయింది అన్న ప్రశ్నలు వస్తాయి. పటంలో లేని సమాధానాలు ఒక్కొక్కసారి వృద్ధ నీరుగంటి నోట దొరుకుతాయి. రాయి ఆరువందల ఏళ్ళు నిలిచింది. నివేదిక అచ్చులో నిలిచింది. నోటిమాటకు మాత్రం చెప్పేవాడు ఉన్నంతకాలమే ఆయుష్షు. తెలుగు, కన్నడం రెండూ వినగలిగిన ఇక్కడి విద్యార్థులు ఒక్కొక్క చెరువుకు ఒక్కొక్క నోటుపుస్తకం కేటాయించి, దాని తూములూ కాలువలూ వాటి పేర్లూ రాసుకొస్తే, గ్రంథాలయంలో ఇంతవరకు లేని అర ఒకటి మొదలవుతుంది.