రామదాసు కీర్తనలు: గ్రామఫోన్ ప్లేటు నుంచి సినిమా దాకా

భద్రాచల రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న (17వ శతాబ్దం) ఖమ్మం దగ్గరి నేలకొండపల్లివాడు. గోల్కొండ సుల్తాను తానీషా ఏలుబడిలో (1672–87) పాల్వంచ పరగణాకు తహసీల్దారు. శిస్తు సొమ్ముతో గోదావరి ఒడ్డున రాముడికి గుడి కట్టించి, ఆ నేరానికి గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడని ప్రతీతి. ఆయన కీర్తనలు భజన గోష్ఠుల్లో నోటి మీదే బతికాయి. త్యాగరాజు కూడా తన కృతుల్లో ఆయన్ని తలచుకున్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో అవి గ్రామఫోన్ ప్లేటెక్కాయి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క ప్లేటుకు ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. పల్లవి, రెండు మూడు చరణాలు, అంతే. భజనలో ఒకరు అందిస్తే పదిమంది అందుకుంటారు. తాళాలు జోరెక్కేకొద్దీ పాట సాగుతుంది. ప్లేటు మీద ఆ పదిమందికీ చోటు లేదు. ‘పలుకే బంగారమాయెనా’ వంటి విన్నపాలకు దీనివల్ల పెద్ద నష్టం లేదు. ‘ఇక్ష్వాకు కులతిలక’ సంగతి వేరు. అది నిజానికి ఖర్చుల పద్దు. ప్రాకారాలు, గోపురాలు, భరతుడికి పదివేల వరహాల పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, సీతమ్మకు చింతాకు పతకం అంటూ లెక్క చెప్పి, అదంతా ఎవడబ్బ సొమ్మని నిలదీసి, ఆపైన దెబ్బలకు తాళలేక తిట్టానని లెంపలేసుకుంటాడు భక్తుడు. చరణాలు కోస్తే ఆ కోపానికి కారణమే ఎగిరిపోతుంది.

జమైకాలో చిన్న రికార్డు ఇంకో దారి పట్టింది. 1960ల చివర కింగ్‌స్టన్‌లో 45 చుట్ల ప్లేటు వెనక వైపు అదే పాటను గొంతు తీసేసి, డ్రమ్మూ బేసూ ఉంచి వేసేవారు. కింగ్ టబ్బీ అనే రేడియో మెకానిక్ దానికి ప్రతిధ్వనులు కలిపాక అక్కడి రెగే సంగీతంలో ‘డబ్’ పుట్టింది. ఆ ఖాళీలో ఎవరైనా మైకు పట్టి తమ మాట కలపొచ్చు. మనకు ఆ వెసులుబాటు రామాలయం అరుగు మీదే దొరికింది, రికార్డులో కాదు.

ఇంటింటికీ కీర్తనలను చేర్చిన ఘనత మాత్రం రేడియోదే. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో గాయకుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) పనిచేసిన కాలంలో, పొద్దున్నే వచ్చే ‘భక్తిరంజని’ వాటిని కచేరీ వేదిక ఎరగని వాళ్లకూ కంఠతా పట్టించింది. ఆయన పాడిన రామదాసు కీర్తనల రికార్డులకు తర్వాత దక్కిన ఆదరణకు పునాది అక్కడే పడిందనాలి. భద్రాచలం సీతారామ కల్యాణానికి ఉషశ్రీ చెప్పిన వ్యాఖ్యానం కూడా ఆ రేడియో మీదుగానే ఊళ్లకు చేరింది.

ఇక సినిమా సంగతి. 1964లో చిత్తూరు నాగయ్య ‘రామదాసు’ సినిమాను స్వయంగా తీసి, ఆ పాత్రా తానే వేశారు. అందులో కబీరు వేషం గుమ్మడిది, గొంతు మహమ్మద్ రఫీది. 2006లో కె. రాఘవేంద్రరావు తీసిన ‘శ్రీరామదాసు’కు కీరవాణి పాత కీర్తనల పక్కన కొత్త పాటలు చేర్చారు. ‘ఇక్ష్వాకు కులతిలక’ను అందులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడారు.