మన ఒడ్డు మొక్క ఫ్లోరిడాకు ఎలా చేరింది?

మన్నార్ సింధుశాఖ దీవుల ఇసుకలో ఒక పొద పెరుగుతుంది. ఆకులు మందంగా, నిగనిగలాడుతూ ఉంటాయి. పండు తెల్లగా ఉంటుంది. పువ్వు మాత్రం ఎవరో సగం చింపేసినట్టు ఒకవైపే ఐదు రేకులతో ఉంటుంది. శాస్త్రంలో దీని పేరు స్కీవోలా టక్కాడా. హవాయిలో నౌపాక అంటారు. లాటిన్‌లో స్కీవోలా అంటే ఎడమచేతివాడు. శత్రురాజు ఎదుట కుడిచేతిని మంటలో పెట్టి కాల్చుకున్న రోమన్ వీరుడు మ్యూసియస్‌కు ఆ పేరు వచ్చిందని కథ. 1771లో లిన్నేయస్ ఈ జాతికి అదే పేరు పెట్టాడు. పువ్వు చెయ్యిలా ఉంటుంది మరి!

హిందూ మహాసముద్రం, పసిఫిక్ తీరాల్లో చాలాచోట్ల ఇది ఎవరూ నాటకుండానే ఉంది. పండు నీటిపై తేలుతుంది. విత్తనం ఉప్పునీటిలో నెలల తరబడి ఉన్నా చావదు. అలా దీవి నుంచి దీవికి పోయింది. అట్లాంటిక్‌లోకి మాత్రం తనంతట తాను పోలేకపోయింది. మధ్యలో అమెరికా ఖండాలు గోడలా అడ్డం ఉన్నాయి కదా.

ఆ గోడ దాటించింది మనుషులే. ఫ్లోరిడాలో సముద్రం పక్కన ఇళ్లు, హోటళ్లు పెరిగాక ఉప్పుగాలికి తట్టుకునే అందమైన పొద కావలసివచ్చింది. ఒడ్డు ఇసుక కొట్టుకుపోకుండా కూడా ఆపాలి. 1970లలో దీన్ని బాగా నాటారు. అప్పుడది మంచి పనే అనుకున్నారు, అందులో వాళ్ల తప్పేమీ నాకు కనబడదు. కానీ పండ్లు అలల్లో పడి, ఎవరూ నాటని బీచ్‌లలో కూడా మొలిచాయి.

అక్కడ దీనికొక చుట్టం ఉంది, నల్లపండ్ల స్కీవోలా ప్లుమియెరి. కరిబియన్ దీవులు తిరిగిన ఫ్రెంచి ఫాదర్ ప్లుమియే పేరు దానిది. కొత్త పొద ఎత్తుగా, దట్టంగా పెరిగి ఆ చిన్న మొక్క చోటు ఆక్రమించింది. తీరంలో కట్టిన భవనాలు కూడా కొంత చోటు తిన్నాయి. ఇప్పుడు ఫ్లోరిడాలో నల్లపండు మొక్క ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో ఉంది. కొత్తదాన్ని పీకేస్తున్నారు. ముక్క మిగిలినా వేరు పట్టగలదు కాబట్టి ఆ పని అంత తేలిక కాదు.

వింతేమిటంటే, మన మన్నార్ తీరంలో ఈ రెండూ ఉన్నాయి! అందుకే దీన్ని రాక్షస మొక్క అనడం నాకు ఇష్టం లేదు.

ఫ్లోరిడా వాళ్లు వద్దనే మొక్కల్లో మన సరుగుడు కూడా ఉంది. మన తీరానికీ అది మనుషులు తెచ్చి నాటిందే. రాలిన ఆకు మందంగా పరుచుకుని కింద వేరే మొక్కను సరిగ్గా మొలవనివ్వదు. మనకేమో పందిళ్లకు, పొయ్యిలోకి, తుఫాను గాలికి అడ్డంగా అదే కావాలి.