అట్లాంటిక్ అడుగున చెదరిన వార్త

1858వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన సందేశములో 98 మాటలు మాత్రమే కలవు. ఐర్లండు తీరమునందలి వాలెన్షియా నుండి న్యూఫౌండ్‌లాండు వరకు సముద్రము అడుగున పరచిన కేబులు మీదుగా అవి చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. అనగా మాటకు పది నిమిషములు! విద్యుత్తు మహావేగముతో పోవునని విద్యార్థులకు చెప్పుచుందుము గదా, మరి ఈ ఆలస్యమెక్కడిది?

కేబులు లోపల రాగి తీగ, దానిపై గట్టాపెర్చా అను చెట్టుపాల తొడుగు, వెలుపల ఉప్పునీరు. ఇది వేల మైళ్ళ పొడవుగల లైడెన్ జాడీయేనని 1854లో ఫారడే వివరించెను. పంపిన విద్యుత్తు మొదట ఈ జాడీని నింపవలెను. ఆపిన తరువాత జాడీ ఖాళీ కావలెను. గ్లాస్గోలో ఆచార్యుడుగా నుండిన విలియమ్ థామ్సన్ (తరువాత లార్డ్ కెల్విన్) అదే సంవత్సరము ఈ విషయమును గణితమునకు లొంగదీసెను. అందుకు ఆయన కొత్త సమీకరణమును వెదకలేదు. ఫోరియర్ 1822లో ప్రచురించిన ఉష్ణవాహక సమీకరణమే సరిపోయెను.

పొడవైన ఇనుప కడ్డీ కొనను కొలిమిలో నుంచి తీసి, మరల నుంచి తీయుచున్నామనుకొందము. రెండవ కొనను పట్టుకొన్న వానికి ఎన్నిసార్లు ఉంచితిమో తెలియునా? కడ్డీ మెల్లగా వేడెక్కుట మాత్రమే తెలియును. కేబులు చివర కూర్చున్న వాని గతియు నంతే. మోర్సు లిపిలోని చుక్కలు, గీతలు సాగి, ఒకదానిలో నొకటి కలిసిపోవును. థామ్సన్ లెక్క ప్రకారము ఈ ఆలస్యము పొడవు యొక్క వర్గమును బట్టి పెరుగును. పొడవు 10 రెట్లయినచో ఆలస్యము 100 రెట్లగును.

కంపెనీ విద్యున్నిపుణుడు వైట్‌హౌస్ ఈ సూత్రమును అంగీకరింపలేదు. ఆయన వైద్యుడు, తన ప్రయోగములు వర్గసూత్రమును ఖండించుచున్నవని 1856లో ప్రకటించెను. మందమైన రాగి కావలెనని థామ్సన్ చెప్పినను, నాటికల్ మైలుకు 107 పౌన్ల రాగితోనే కేబులు తయారయ్యెను. సంకేతములు స్పష్టముగా అందకపోగా, వైట్‌హౌస్ ప్రేరణ చుట్టలతో సుమారు 2,000 వోల్టులను ప్రయోగించెను. ప్రతిధ్వనులు మ్రోగు మండపములో మాట తెలియనప్పుడు గొంతు పెంచినచో ప్రతిధ్వనియు పెరుగును. నిదానముగా మాటాడుటయే ఉపాయము. (కొందరు వక్తలకు ఈ సంగతి నేటికిని తెలియదు.) వోల్టేజి పెంచినందున సంకేతము ఎత్తు పెరుగునే కాని, దాని ఆకారము బాగుపడదు. తొడుగులో ముందే యున్న లోపము ఈ తాకిడికి మరింత ముదిరెను. కొద్ది వారములలోనే కేబులు మూగవోయెను.

1866లో విజయవంతమైన కేబులునందు మైలుకు 300 పౌన్ల రాగి కలదు. వార్తను గ్రహించుటకు థామ్సన్ నిర్మించిన దర్పణ గాల్వనోమీటరు ఉండెను. కొద్దిపాటి ప్రవాహమునకే దాని అద్దముపై పడిన కాంతి కదలును. నిమిషమునకు సుమారు 8 మాటలు పోయెను.

అయినను ఆకారము చెడుట ఆగలేదు. ఏ సంకేతమైనను అనేక పౌనఃపున్యములుగల తరంగముల మొత్తమే. కేబులులో ఎక్కువ పౌనఃపున్యముగల తరంగములు ఎక్కువగా క్షీణించును. అన్నియు ఒకే వేగముతోను పోవు. కలిసి బయలుదేరినవి కలిసి చేరకపోయినచో ఆకారమెట్లు నిలుచును? దీనికి విరుగుడు కనుగొన్నవాడు ఆలివర్ హెవిసైడ్. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కని మాజీ తంతి ఉద్యోగి. థామ్సన్ లెక్కలో విడిచిన స్వయంప్రేరకత్వమును ఆయన చేర్చెను. నిరోధమునకు ప్రేరకత్వమునకు గల నిష్పత్తి, తొడుగు గుండా జరుగు లీకునకు కెపాసిటీకి గల నిష్పత్తితో సమానమైనచో అన్ని తరంగములు ఒకే వేగముతో పోయి, ఒకే పాళ్ళలో క్షీణించునని 1887 నాటికి నిరూపించెను. సంకేతము చిన్నదగును గాని రూపు చెడదు. కనుక తీగకు ప్రేరకత్వమును కావలెనని చేర్చవలెను!

బ్రిటిష్ తపాలా శాఖలోని విద్యున్నిపుణుడు ప్రీస్‌కు ఇది విపరీతముగా తోచెను. ప్రేరకత్వము హానికరమని నమ్మిన ఆయన, హెవిసైడ్ తన సోదరునితో కలిసి వ్రాసిన వ్యాసము వెలువడకుండ అడ్డుపడెను. తీగ పొడవున చుట్టలు అమర్చు పద్ధతికి పేటెంటు 1900లో అమెరికాలో పూపిన్‌కు లభించెను. హెవిసైడ్‌కు దానివలన సంపద కలుగలేదు. నా దృష్టిలో వైట్‌హౌస్ తప్పు కంటె ప్రీస్ తప్పు పెద్దది. మొదటివాడు కేబులును పాడుచేసెను, రెండవవాడు వివరణనే అణచివేసెను.

ఇక్కడ చెదరుట వేరు, నశించుట వేరు. తరంగములు ఏ నియమమున చెదరినవో తెలిసినచో, లెక్క కట్టి మరల కూర్చవచ్చును. నేటి గాజు తంతువులలో పరుగిడు కాంతి స్పందనములును దారిలో వెడల్పగుచున్నవి. గ్రాహకములు గణించి వాటిని సరిదిద్దుచున్నవి. కాని క్షీణించి పరిసరపు రొద క్రింద మునిగిన తరంగమును ఎంత పెంచినను లాభము లేదు, దానితోపాటు రొదయు పెరుగును. ఒక మార్గమున ఎంత వార్తను నిర్దోషముగా పంపగలమో తెలుపు హద్దును షానన్ 1948లో నిర్ణయించెను. ఆ హద్దు మార్గము యొక్క పౌనఃపున్య విస్తృతిపై, సంకేతమునకు రొదకు గల నిష్పత్తిపై ఆధారపడియుండును.