చేతిపని చికిత్స – డాక్టరు పట్టము

ఆక్యుపేషనల్ థెరపీకి మనవారు వృత్తిచికిత్స యని పేరు పెట్టిరి. ఆ పేరు విన్నవారు అది రోగికి జీవనోపాధి నేర్పుటయే యని భ్రమపడుదురు. సంస్కృతమున వ్యాపారమనగా క్రియ. వ్యాపారచికిత్స యన్నచో సరిపోయెడిదే గాని, తెలుగున ఆ మాటకు అంగడివాసన పట్టినది. పక్షవాతము తగిలినవాడు తన బొత్తాములు తాను పెట్టుకొనుట, చేయి స్వాధీనము తప్పిన ఇల్లాలు మరల వంట చేసికొనుట, మొద్దువాడని బడిలో అనిపించుకొన్న బాలుడు వ్రాయ నేర్చుట – ఇవి యీ విద్యకు విషయములు. ఇంతమాత్రపు పనికి డాక్టరు పట్టమెందులకని మమ్ము అడిగినవారు కలరు.

1917 మార్చి 15వ తేదీన అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రమందలి క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను చిన్న ఊర కొందఱు కూడి ఈ చికిత్సావ్యాప్తికై సంఘము స్థాపించిరి. ప్రథమాధ్యక్షుడు జార్జి బార్టన్ వైద్యుడు కాడు. క్షయచేతను, పక్షవాతముచేతను కృశించి, పనిచేయుచు కోలుకొనిన భవనశిల్పి. అందే యున్న ఎలియనార్ క్లార్క్ స్లేగిల్ చికాగో సాంఘికసేవలోనుండి వచ్చిన స్త్రీ. ఆ యేడే అమెరికా యుద్ధమున దిగెను. గాయపడిన సైనికులకై అనేకమంది స్త్రీలకు కొద్దికాలపు శిక్షణ యిచ్చి ఆసుపత్రులకు పంపిరి.

ఈ పుట్టుకయే తరువాతి చిక్కులకు మూలము. చేయువారు స్త్రీలు, సాధనములు మగ్గము, బుట్టల అల్లిక, వడ్రంగము. వైద్యుడు ఆజ్ఞాపించును, వీరు నెరవేర్తురు. 1935లో వీరి పాఠశాలలకు ప్రమాణములు నిర్ణయించినదియు అమెరికా వైద్యసంఘమే.

జీన్ ఎయిర్స్ కథ ఇచట చెప్పదగినది. ఆమె దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఈ విద్య నేర్చి, పిల్లలకు చికిత్స చేయుచుండెను. కన్ను, చెవి, కండరము బాగుగనే యున్నను కొందఱు పిల్లలు చొక్కా తొడుగుకొనలేరు, అక్షరము దిద్దలేరు, ఉయ్యెలన్న బెదరుదురు. స్పర్శ, సమతూకము, చలనము – వీనిని మెదడు ఎట్లు కూర్చుచున్నదను ప్రశ్న ఆమెకు పుస్తకమునుండి కాదు, ఈ పిల్లలనుండి పుట్టినది. దానిని పరిశోధింప తన విద్యలో డాక్టరు పట్టమే లేదు! 1961లో విద్యామనశ్శాస్త్రమున ఆ పట్టము పొంది, పిదప లాస్ ఏంజిల్సులో మెదడును గూర్చి పరిశోధించెను. 1972లో ఆమె గ్రంథము వెలువడెను. ఆమె సిద్ధాంతముపై నేటికిని వాదములు కలవు. కలిగిన నేమి? వాదింపదగిన సిద్ధాంతము చికిత్సాగృహములోనుండి పుట్టినది.

తరువాత దారి తెరచుకొనెను. 1989లో ఆ విశ్వవిద్యాలయమే మానవుని పనులనే శాస్త్రముగా నెంచి పి.హెచ్.డి. ఏర్పరచెను. పనిచేయుచున్నవారికై వేఱొక డాక్టరు పట్టమును వెలసినది. అది పరిశోధనకంటె చికిత్సాసామర్థ్యమునకు ప్రాధాన్యమిచ్చును. 1999లో క్రైటన్ విశ్వవిద్యాలయము వృత్తిలో అడుగిడువారికే ఆ పట్టమిచ్చు తరగతి తెరచెను. 2017లో అచటి ప్రమాణసంస్థ, 2027 నాటికి ప్రవేశార్థులందఱికి డాక్టరు పట్టమే ఉండవలెనని శాసించెను. ఎంతో వ్యతిరేకత పుట్టినది. 2019లో మాస్టరు పట్టమును గూడ నిలుపుకొనిరి. ఇది సరియైన వెనుకడుగని మా తలంపు. రోగిని తాకకముందే అదనపు ఋణము నెత్తినెత్తుకొనుట విద్య కాదు. పదేండ్లు రోగులతో పనిచేసి, జవాబు దొరకని ప్రశ్నతో మరల గురువును వెదకువానికి తలుపు మూసియుంచుటయు న్యాయము కాదు.

మనదేశమున 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాల నెలకొల్పినది కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, మనదేశీయుని వివాహమాడి, నడివయస్సున ఈ విద్య నేర్చిన ఇల్లాలు. 2021లో వచ్చిన చట్టముచేత వృత్తిచికిత్సకులు జాతీయ కమిషను పరిధిలోనికి వచ్చిరి. చదువుల ప్రమాణములు ఇక ఆ కమిషను చేతిలోనున్నవి. ఉద్యోగము మానకయే, ఇల్లు విడువకయే, తన రోగుల ప్రశ్నను పరిశోధింపగల మార్గమును మన జిల్లా ఆసుపత్రిలోని స్త్రీకి వారు కల్పింతురా యని మేము అడుగుచున్నాము.