ఎనిమిది పౌండ్ల గిటార్

రాక్ సంగీతం వినేవాళ్ళకి ఈ కథ కొత్త కాదు. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే తన ఎలక్ట్రిక్ గిటార్‌ని తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకున్నాడు. మెడకి పాత ఫైర్‌ప్లేస్ చట్రంలోని మహాగని, ఒంటికి పాత బల్లలోని ఓక్, స్ప్రింగులు 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్‌వి, మెట్ల గుర్తులకి అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. ఖర్చు మొత్తం ఎనిమిది పౌండ్లని చెబుతారు. ఇలాంటివాటికి మనం జుగాడ్ అని పేరు పెట్టి మురిసిపోతాం. నాకైతే ఈ సామాన్ల జాబితా అసలు సంగతిని కప్పేస్తోందనిపిస్తుంది.

1963 ఆగస్టులో, లండన్ పడమటి శివారు ఫెల్తమ్‌లో పని మొదలైంది. బ్రయన్‌కి పదహారేళ్ళు. స్ట్రాటోకాస్టర్ కావాలి, కొనే స్తోమత లేదు. తండ్రి హెరాల్డ్ మే ప్రభుత్వ విమానయాన శాఖలో డ్రాఫ్ట్స్‌మన్, ఎలక్ట్రానిక్స్ క్షుణ్ణంగా తెలిసినవాడు. ఇంట్లో ఒక గదినే వర్క్‌షాప్ చేసుకున్నారు. గిటార్ పూర్తవడానికి సుమారు రెండేళ్ళు పట్టింది. పాత సామాన్లు చేతిలో ఉండగా రెండేళ్ళు ఎందుకంటే, వాళ్ళు గిటార్ చేయడంతో పాటు అప్పటి గిటార్లలోని లోపాల్ని ఒక్కొక్కటే పట్టుకుని సరిచేస్తున్నారు కాబట్టి.

ముందు కొలతలు. మీటే తీగ పొడవు 24 అంగుళాలు, స్ట్రాటోకాస్టర్ కంటే అంగుళంన్నర తక్కువ. పొడవు తగ్గితే అదే స్వరానికి తీగ కాస్త మెత్తబడుతుంది, వేలితో లాగడం తేలిక. మొదటి మెట్టు సుమారు 1.35 అంగుళాల దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో. వీణకి మైనం కరిగించి మేళం మళ్ళీ కట్టుకోవచ్చు. గిటార్‌కి ఆ వీలు లేదు, మెట్టు చెక్కలోకి దిగితే దిగినట్టే.

తర్వాత ట్రెమొలో. చేత్తో కడ్డీని నొక్కితే తీగలన్నీ వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలితే మళ్ళీ పైకి రావాలి. అప్పటి గిటార్లలో చాలావాటికి వచ్చిన చిక్కల్లా, తిరిగొచ్చేసరికి శ్రుతి తప్పడం. కారణం ఒరిపిడి. తండ్రీకొడుకులు కంసాలి త్రాసు పద్ధతి పట్టుకున్నారు. తీగల్ని పట్టి ఉంచే ఉక్కు పలక ఒక కత్తి అంచు మీద ఊగుతుంది. ఇటు తీగలు లాగుతుంటే, అటు మోటార్‌సైకిల్ స్ప్రింగులు సరితూగుతాయి. బ్రిడ్జి మీద తీగ రాసుకోకుండా చిన్న చిన్న రోలర్లు. ఆ స్ప్రింగులు చెత్తలో దొరికినవే కావచ్చు, వాటి చోటు మాత్రం లెక్క ప్రకారం కుదిరింది.

పికప్‌ల దగ్గర ఇంకో పాఠం ఉంది. మొదట అవీ ఇంట్లోనే చేశారు, ఎక్లిప్స్ అయస్కాంతాలకి రాగితీగ చుట్టి. మామూలుగా మీటితే బాగానే పలికాయి. తీగని పక్కకి లాగితే ధ్వనిలో తేడా వచ్చేది. దాంతో బర్న్స్ కంపెనీ పికప్‌లు మూడు కొన్నారు. ఇంట్లో చేసినదాని మీద మమకారం అడ్డు రాలేదన్నమాట. కొన్నవాటినీ ఉన్నవి ఉన్నట్టు వాడలేదు. లోపలి తీగచుట్ట అదిరి కీచుమనకుండా అరల్డైట్ పోసి గడ్డకట్టించారు. ఒక్కో పికప్‌కి రెండేసి స్విచ్‌లు పెట్టారు. ఒకటి ఆన్, ఆఫ్‌లకి. రెండోది తరంగాన్ని తలకిందులు చేయడానికి. అలా తిప్పిన ధ్వని ఇంకో పికప్ ధ్వనితో కలిస్తే మంద్రం చాలామటుకు కొట్టుకుపోయి, ముక్కుతో పలికినట్టుండే పదును మిగులుతుంది.

ఒంట్లో కొంత డొల్ల వదలడం కూడా కావాలని చేసిందే. ఆంప్లిఫయర్ ధ్వని తిరిగొచ్చి తీగల్ని మళ్ళీ కదిలిస్తే స్వరం తెగకుండా సాగుతుంది. క్వీన్ పాటల్లో గిటార్ వయొలిన్ల గుంపులా వినిపించడానికి స్టూడియోలో పొరలు పొరలుగా చేసిన రికార్డింగ్ ఎంత కారణమో, ఈ సాగే స్వరమూ అంతే కారణం. సింథసైజర్లు వాడలేదని ఆ బృందం తన తొలి రికార్డుల అట్టల మీద అచ్చువేయించుకోవలసి వచ్చింది!

ఇంత ఓపిగ్గా కొడుకుతో కూర్చున్న తండ్రికి, కొడుకు దాంతోనే బతుకుతానంటే నచ్చలేదు. ఇంపీరియల్ కాలేజీలో అంతరిక్ష ధూళి మీద చేస్తున్న పరిశోధనని బ్రయన్ 1974లో వదిలేశాడు. కొంతకాలం ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇంజనీరింగ్ చదివి పుస్తకాలో పాటలో పట్టుకు వేళ్ళాడే మాబోటివాళ్ళకి ఈ ఘట్టం వివరించనక్కర్లేదు. మన ఇళ్ళల్లో కూడా హాబీకి అడ్డు చెప్పరు, అది హాబీగా ఉన్నంతవరకే. హెరాల్డ్ భయాన్ని నేను తీసిపారెయ్యలేను. యుద్ధం చూసిన తరం, నెలజీతం విలువ తెలిసిన మనిషి.

ఆయన కాంకర్డ్ విమానాన్ని దించే పరికరాల మీద పనిచేశాడు గానీ ఆ విమానం ఎక్కలేదు. క్వీన్ న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాయిస్తున్నప్పుడు కొడుకే అమ్మానాన్నల్ని కాంకర్డ్‌లో పిలిపించుకున్నాడు. ఆ రాత్రి జనాన్ని చూశాకే తనకి అర్థమైందని తండ్రి ఒప్పుకున్నట్టు బ్రయన్ చెప్పాడు. హెరాల్డ్ 1988లో పోయాడు. కొడుకు ఆగిపోయిన డాక్టరేట్ పూర్తి చేసింది 2007లో.

ఆ రెండింటి నడుమ, 2002లో, బ్రయన్ బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి బ్రిటిష్ జాతీయగీతం వాయించాడు. ఏ గిటారైనా కొనుక్కోగల స్థితిలో ఉండి కూడా చేతిలో ఉన్నది ఆ ఫెల్తమ్ గదిలో చేసిందే.