విషమును పసిగట్టు ఎంజైము

ఊరిని కాచు తలారి మేల్కొని యుండవలెను. తన చోటును విడువరాదు. విషరసాయనములను పసిగట్టుటకు శాస్త్రజ్ఞులు ఎంజైములను కావలి యుంచిన చరిత్రలోను ఈ రెండు నియమములే కనిపించును.

1916లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున నెల్సన్, గ్రిఫిన్ అనువారు ఇన్వర్టేజ్ అను ఎంజైమును బొగ్గుపొడికి పట్టించి చూచిరి. చెరకు చక్కెరను విడగొట్టు శక్తి దానికి పోలేదు. నీటిలో కరిగిన ఎంజైము ఒక్క ప్రయోగముతో కొట్టుకొనిపోవును. ఘనపదార్థముపై నిలిపిన ఎంజైమును మరల వాడుకొనవచ్చును.

1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రేడర్ పురుగుమందులకై వెదకుచు టాబున్ అను భయంకర విషమును తయారుచేసెను. పారాథయాన్ వంటి పురుగుమందులును, సారిన్ వంటి యుద్ధవిషములును దీనివలెనే ఆర్గానోఫాస్ఫరస్ కుటుంబమునకు చెందినవి. ఇవి మనిషిని చంపు విధమేమి? నాడి కొనయందు విడుదలయగు ఎసిటైల్ కోలీన్ కండరమునకు ఆజ్ఞ నందించును. పని ముగిసిన వెంటనే ఎసిటైల్ కోలీనెస్టరేజ్ అను ఎంజైము దానిని విడగొట్టును. విషము ఈ ఎంజైమునకు అతుకుకొని స్తంభింపజేయును. ఆజ్ఞ ఆగదు, కండరము సడలదు, తుదకు ఊపిరి నిలిచిపోవును.

విషమునకు మొదట చిక్కు ఎంజైమే విషపు జాడ తెలుపరాదా? 1962లో అమెరికాలో క్లార్క్, లయన్స్ అనువారు ఎలక్ట్రోడుపై ఎంజైమును పొరగా నిలుపు పద్ధతిని సూచించిరి. 1965లో గిల్బాల్ట్ మొదలగువారు కోలీనెస్టరేజును స్టార్చి జెల్లులో నిలిపిరి. కాని మందమైన జెల్లులోనికి రసాయనములు మెల్లగా గాని చొరవు.

1991లో జపానులో ఇయిజిమా కార్బన్ నానోగొట్టములను వర్ణించెను. నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. ఇంత సన్నని గొట్టములకు బరువును బట్టి చూచిన ఉపరితలము మిక్కిలి యెక్కువ. ఎలక్ట్రానులను సులభముగా అందించును. 2004లో లిన్, లూ, వాంగ్ అనువారు వీటిపై రెండు ఎంజైములను నిలిపిరి. మొదటిది ఎసిటైల్ కోలీనును విడగొట్టును. అందువలన వచ్చిన కోలీనునుండి రెండవది హైడ్రోజన్ పెరాక్సైడును పుట్టించును. అది ఎలక్ట్రోడునందు విద్యుత్ప్రవాహమును కలిగించును. విషమున్నచో మొదటి ఎంజైము స్తంభించి ప్రవాహము తగ్గును. ఆ తగ్గుదలయే విషపు కొలత.

ఐనను ఒక చిక్కు గలదు. కార్బమేట్ పురుగుమందులు కూడ ఈ ఎంజైమును ఆపును. తలారి “దొంగ” యని అరచును గాని, దొంగ పేరు చెప్పలేడు. దీనికి ఉపాయము వరిపొలమునందే దొరకినది. ఫిలిప్పీన్సులో పారాథయానును విడగొట్టు బాక్టీరియమును సేతునాథన్, యోషిడా 1973లో వర్ణించిరి. అట్టి బాక్టీరియముల ఎంజైము ఆర్గానోఫాస్ఫరస్ విషమునే విడగొట్టి దాని ఉనికిని చాటును. 2005 నాటికి దీనినికూడ నానోగొట్టములపై నిలిపిరి. పురుగుమందు చల్లిన పొలమే దానిని పట్టియిచ్చు కావలివానిని కూడ ఇచ్చినది.